లెక్కలో లేని తొంభై మైక్రోఆంపియర్లు: ఒక నీటి మీటరు బ్యాటరీ కేసు

నేపథ్యం

బెంగళూరులో కావేరి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు మూడూ ఒకే సంపులో పడే అపార్టుమెంట్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట ఏ ఫ్లాటు ఎంత వాడిందో తేల్చకపోతే మెయింటెనెన్సు బిల్లు దగ్గర నెలనెలా గొడవ తప్పదు. అందుకని ఫ్లాటుకో మీటరు పెట్టి, దాని రీడింగును రేడియో ద్వారా పంపే చిన్న మాడ్యూలును మీటరుకు తగిలిస్తారు. ఈ మాడ్యూళ్లు తయారుచేసే ఒక చిన్న సంస్థ, బ్యాటరీలు చెప్పిన గడువుకంటే చాలా ముందే అయిపోతున్నాయని చెప్పి నన్ను పిలిచింది. తక్కువ కరెంటుతో నడిచే బోర్డులకు విద్యుత్ లెక్క వేయడం, వేసిన లెక్క నిజమో కాదో కొలిచి చూడడం నా వృత్తి. సంస్థ పేరును, అపార్టుమెంట్ల పేర్లను, విడిభాగాల తయారీదారుల పేర్లను ఇక్కడ ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు కొన్నిటిని మార్చాను కానీ అంకెల మధ్య ఉన్న సంబంధం జోలికి పోలేదు.

మాడ్యూలులో ఒక మైక్రోకంట్రోలర్ (పనంతా నడిపించే చిన్న కంప్యూటర్ చిప్పు), ఒక లోరా రేడియో (తక్కువ కరెంటుతో దూరం పంపే రకం), రీడింగులు దాచుకునే ఫ్లాష్ మెమరీ, సెల్ వోల్టేజిని 3 వోల్టుల దగ్గర నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఉన్నాయి. వీటన్నిటికీ కలిపి పెన్సిల్ సెల్ సైజు లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ ఒక్కటే ఆధారం. దాని వోల్టేజి 3.6, సామర్థ్యం 2400 మిల్లీఆంపియర్ అవర్లు, అంటే షాపు భాషలో 2400 ఎంఏహెచ్. చివరి బొట్టు దాకా వాడుకోవడం ఆచరణలో కుదరదు కనుక అందులో 80 శాతాన్నే, అంటే 1920 ఎంఏహెచ్‌ను మాత్రమే నేను లెక్కలోకి తీసుకుంటాను. మీటరులో తిరిగే చక్రానికి ఒక అయస్కాంతం ఉంటుంది. లీటరు నీళ్లు పోయిన ప్రతిసారీ అది మాడ్యూలు వైపున్న రీడ్ స్విచ్‌ను ఒకసారి మూసి తెరుస్తుంది. మైక్రోకంట్రోలర్ ఆ పల్స్‌ను లెక్కపెట్టుకుంటూ మిగతా సమయమంతా నిద్రలో ఉండి, పావుగంటకొకసారి లేచి మొత్తాన్ని రేడియోలో పంపి మళ్లీ నిద్రపోతుంది.

సంస్థ తన వినియోగదారులకు పదేళ్లు అని రాసిచ్చింది. ఆ మాట వారి పవర్ బడ్జెట్ షీటులోంచే, అంటే ఏ భాగం ఎంత కరెంటు తీసుకుంటుందో రాసి కూడే పట్టికలోంచే వచ్చింది. షీటు ప్రకారం సగటు కరెంటు 0.0078 మిల్లీఆంపియర్లు, అంటే 7.8 మైక్రోఆంపియర్లు (మిల్లీలో వెయ్యో వంతు మైక్రో), ఆ లెక్కన సెల్ 28 ఏళ్లు రావాలి. సెల్‌కే అంత ఆయుష్షు ఉండదు కాబట్టి జాగ్రత్తగా పదేళ్లు అన్నామని వారు చెప్పారు. చూడడానికి అది వినయంగానే ఉంది. నిజానికి మూడింతల మిగులు కనిపించినందువల్లే ఆ షీటును మళ్లీ తెరిచి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఎదురైన సమస్య

ఏడో నెల నుంచి మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా మూగబోయాయి. ఎక్కువ భాగం పది, పదకొండు నెలల మధ్య పోయాయి. కొన్ని మాత్రం ఏడాది దాటినా నిక్షేపంగా పనిచేస్తున్నాయి. అన్నిట్లోనూ ఒకే బోర్డు, ఒకే ఫర్మ్‌వేర్ (చిప్పులో నడిచే ప్రోగ్రాము), ఒకే పెట్టెలో వచ్చిన సెల్లు.

నేను ముందుగా పట్టుకున్నది ఈ తేడానే. ఆరంభంలో వేసిన లెక్క తప్పయితే పరికరాలన్నీ దాదాపు ఒకేసారి పోవాలి. విడిభాగాల నాణ్యతలో హెచ్చుతగ్గులుంటే కొద్దిపాటి తేడా రావచ్చు కానీ ఒకటి ఏడు నెలలకు పోయి, దాని పక్కది ఏడాదిన్నరకు చేరువవడం కుదరదు. అంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపం ఒకటి, పరికరం ఉన్న చోటును బట్టి మారే లోపం మరొకటి ఉండాలని అనుకున్నాను.

రెండో ఆధారం బిగించే టెక్నీషియన్ నోట వచ్చింది. అతను అనంతపురం వైపు మనిషి, మాడ్యూళ్లను మార్చి మార్చి విసిగిపోయి ఉన్నాడు. "సార్, తాళం వేసిన ఫ్లాట్లు చూడండి. కొన్ని అన్నిటికంటే ముందు పోతాయి, కొన్ని అసలు పోనే పోవు. మనుషులున్న ఇళ్లన్నీ మధ్యలో ఎక్కడో పోతాయి," అన్నాడు. ఇంజినీర్లు ఈ మాటను అప్పటికే విని, రేడియో సిగ్నలు తేడాగా భావించి పక్కన పెట్టారు. నాకు అది సిగ్నలు తేడాలా అనిపించలేదు. సిగ్నలుకూ ఇంటికి తాళం ఉండడానికీ సంబంధం లేదు.

బ్యాటరీ ఆయుష్షు నుంచి కరెంటుకు వెనక్కి వెళ్లడం సులువే. ఒక మైక్రోఆంపియరు ఏడాదిపాటు, అంటే 8760 గంటలపాటు, ఆగకుండా పారితే 8.76 ఎంఏహెచ్ ఖర్చవుతుంది. కాబట్టి 1920ని 8.76తో భాగిస్తే వచ్చే 219 ఈ సెల్‌కు గుర్తుంచుకోవలసిన సంఖ్య: దాన్ని సగటు మైక్రోఆంపియర్లతో భాగిస్తే సంవత్సరాలు వస్తాయి, సంవత్సరాలతో భాగిస్తే మైక్రోఆంపియర్లు వస్తాయి. ఏడు నెలలకు పోయిన పరికరం సుమారు 376 మైక్రోఆంపియర్లు తాగినట్టు, పదకొండు నెలలకు పోయినది 239 తాగినట్టు తేలింది. షీటులో ఉన్నది 7.8. ఇక్కడ తప్పు పదో వంతు, పాతికో వంతు తేడా కాదు, ముప్పై నుంచి యాభై రెట్లు. అంత పెద్ద తేడాకు ఫర్మ్‌వేర్‌లోని చిన్న మెరుగులతో చికిత్స ఉండదని ఈ భాగహారమే చెప్పింది.

అప్పటికే చేసి చూసినవి, ఫలించనివి

నేను వెళ్లేసరికి సంస్థ రెండు ప్రయత్నాలు చేసి ఉంది. రెంటినీ వివరంగా చెప్పడానికి కారణం, అవి తెలివితక్కువ పనులు కావు.

మొదటిది సెల్లు మార్చడం. లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ చాలాకాలం వాడకుండా ఉంటే లిథియం మీద లిథియం క్లోరైడ్ పొర పేరుకుంటుంది. తొలిసారి పెద్ద కరెంటు లాగినప్పుడు వోల్టేజి కుంగడానికి ఆ పొర కారణం కాగలదు. రేడియో 40 మిల్లీఆంపియర్లు లాగినప్పుడు వోల్టేజి పడిపోయి మాడ్యూలు రీసెట్ అవుతోందేమోనన్న అనుమానం సహేతుకమే. అయితే ఆ పొర వోల్టేజిని కుంగదీస్తుంది గానీ లోపలి చార్జ్‌ను తినేయదు. చచ్చిపోయిన మాడ్యూళ్ల నుంచి తీసిన సెల్లకు ఒక కిలోఓమ్ రెసిస్టర్ తగిలించి వదిలి చూశాం. లోపల నిజంగా చార్జ్ ఉంటే పొర కరిగాక వోల్టేజి తేరుకోవాలి. అది తేరుకోలేదు, కొద్దిసేపట్లోనే 2 వోల్టుల కిందికి జారింది. సెల్లు పూర్తిగా ఖాళీ అయ్యాయి, ఎవరో తాగేశారు. నకిలీ సెల్లేమోనన్న మాట కూడా వచ్చింది కానీ అదే పెట్టెలోని కొత్త సెల్ ఇచ్చిన చార్జ్ డేటాషీటుకు, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రానికి, దగ్గరగానే ఉండడంతో దాన్ని అంతటితో వదిలేశాం.

రెండోది రేడియో వాడకం తగ్గించడం. పావుగంటకు బదులు గంటకొకసారి పంపేలా ఫర్మ్‌వేర్ మార్చారు. నెలలు గడిచినా బ్యాటరీ ఆయుష్షులో మార్పేమీ కనిపించలేదు, పైగా రాత్రిపూట లీకేజీ ఆలస్యంగా తెలుస్తోందని ఫ్లాట్లవాళ్లు ఫిర్యాదు చేశారు. ఇది ఎందుకు పనిచేయలేదో లెక్కతో చూడవచ్చు. మిల్లీఆంపియర్లను మిల్లీసెకన్లతో గుణిస్తే మైక్రోకూలుంబులు వస్తాయి. మైక్రోకూలుంబులను సెకన్లతో భాగిస్తే మైక్రోఆంపియర్లు వస్తాయి. మేలుకొని సిద్ధమవడానికి 5 మిల్లీఆంపియర్లు 60 మిల్లీసెకన్లపాటు, అంటే 300 మైక్రోకూలుంబులు. పంపడానికి 40 మిల్లీఆంపియర్లు 100 మిల్లీసెకన్లు, అంటే 4000. జవాబు కోసం చెవి పెట్టి ఉండే రెండు విడతలకూ కలిపి 11 మిల్లీఆంపియర్లు 100 మిల్లీసెకన్లు, అంటే 1100. మొత్తం 5400. దీన్ని పావుగంటలోని 900 సెకన్ల మీద పరిస్తే సగటు 6 మైక్రోఆంపియర్లు, గంట మీద పరిస్తే ఒకటిన్నర. ఆదా అయినది నాలుగున్నర మైక్రోఆంపియర్లు. పోతున్నది రెండు వందల పైచిలుకు. 40 మిల్లీఆంపియర్లు అనే సంఖ్య పెద్దదిగా కనబడడం వల్ల అందరి చూపూ రేడియో మీదికి వెళ్లింది గానీ రోజంతా కలిపి అది ఆ కరెంటు లాగేది పది సెకన్లకంటే తక్కువ.

మూడో ప్రయత్నం నేనున్నప్పుడే జరిగింది. మల్టీమీటరును మైక్రోఆంపియర్ రేంజిలో పెట్టి సెల్‌కూ బోర్డుకూ మధ్య కలిపితే మాడ్యూలు పదేపదే రీసెట్ అయింది. ఆ రేంజిలో మీటరు లోపల సుమారు 100 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. నిద్రలో ఉన్న కొద్దిపాటి కరెంటుకు దానివల్ల ఇబ్బంది లేదు కానీ రేడియో 40 మిల్లీఆంపియర్లు అడిగేసరికి 4 వోల్టులు మీటరులోనే పడిపోవాలి. సెల్ ఇచ్చేదే 3.6. బోర్డు లేస్తుంది, రేడియో వేస్తుంది, చచ్చిపోతుంది, మళ్లీ లేస్తుంది. ఈ బాధ పడలేకే ఆ బృందం మొదట్లోనే మిల్లీఆంపియర్ రేంజికి మారిపోయింది. ఆ రేంజిలో తెర మీద కనిపించే కనీస అంకె 0.01, అంటే 10 మైక్రోఆంపియర్లు. వారి పాత పరీక్ష నోట్సులో "నిద్రలో 0.09" అని రాసి ఉంది, పక్కన టిక్కు పెట్టి ఉంది.

డిజైను చూసే ఇంజినీరు చురుకైన అమ్మాయి, దాచకుండానే చెప్పింది: "సార్, సున్నా పాయింట్ సున్నా తొమ్మిదే కదా అని మీటరు ఆఫ్‌సెట్, అంటే మీటరు సొంత తప్పు, కింద రాసుకున్నాం. షీటులో కూడా సున్నా పాయింట్ సున్నా సున్నా ఏడే ఉంది." రెండు సున్నాలు, మూడు సున్నాలు పక్కపక్కన చూసినప్పుడు రెండూ "దాదాపు ఏమీ లేదు" అన్నట్టే కంటికి ఆనుతాయి. అదే 90 మైక్రోఆంపియర్లు, 8 మైక్రోఆంపియర్లు అని రాసి ఉంటే పదకొండు రెట్ల తేడాను ఎవరూ ఆఫ్‌సెట్ అనేవారు కాదు. మీటరు తెర ఆ బోర్డు పరిస్థితిని మొదటి రోజే సరిగ్గా చెప్పింది.

షీటును విప్పి చూస్తే

కొలతకంటే ముందు షీటును వరస వరసగా చదవాలని నిర్ణయించాను, ఎందుకంటే తప్పు ఎక్కడ పుట్టిందో తెలియకుండా బోర్డును బాగుచేస్తే తరువాతి బోర్డులో అదే తప్పు మళ్లీ పుడుతుంది. షీటును ఇద్దరు వేర్వేరు సమయాల్లో నింపారు. ఒక నిలువు వరుసలో అంకె, పక్క వరుసలో యూనిట్. ఒక పైథాన్ స్క్రిప్టు ఆ యూనిట్‌ను చదివి అన్నిటినీ మిల్లీఆంపియర్లలోకి మార్చి కూడుతుంది.

రెగ్యులేటర్ వరసలో 55 మైక్రోఆంపియర్లు అని స్పష్టంగా ఉంది. ఏ పనీ లేనప్పుడు కూడా తన కోసం అంత వాడుకునే రకం అది. అయినా మొత్తంలో ఆ 55 కలవలేదు. యూనికోడ్‌లో మైక్రో గుర్తుకు ఒక సంకేతం ఉంది, గ్రీకు అక్షరం మ్యూకు మరో సంకేతం ఉంది. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్క్రిప్టు పట్టికలో ఉన్నది మొదటిది, ఆ వరసలో టైపు చేసినది రెండోది. పట్టికలో లేని యూనిట్ ఎదురైతే గుణకం సున్నా అనుకోమని స్క్రిప్టులో రాసి ఉంది. అంటే బోర్డు మొత్తంలో అతి పెద్ద స్థిరమైన ఖర్చు, ఏ హెచ్చరికా లేకుండా, సున్నా అయిపోయింది. తెలియని దాన్ని సున్నాగా భావించే ప్రోగ్రాము కంటే, తెలియదని చెప్పి ఆగిపోయే ప్రోగ్రాము ఎంతో మేలు.

ఫ్లాష్ మెమరీ కథ ఇంకా చిత్రమైనది. డేటాషీటులో దాని స్టాండ్‌బై కరెంటు 15 మైక్రోఆంపియర్లు. ఆ పీడీఎఫ్ నుంచి కాపీ చేసి పేస్టు చేస్తే 15 మిల్లీఆంపియర్లు అని పడుతుంది. నేను కూడా చేసి చూశాను, అలాగే పడింది. పాత పత్రాల్లో గ్రీకు అక్షరాలను సింబల్ అనే ఫాంటుతో రాసేవారు. ఆ ఫాంటులో మ్యూ ఆకారం ఇంగ్లీషు "ఎమ్" స్థానంలో కూర్చుని ఉంటుంది. కాపీ చేసేటప్పుడు ఫాంటు జారిపోయి అక్షరం ఒక్కటే మిగిలితే మైక్రో కాస్తా మిల్లీ అవుతుంది, వెయ్యి రెట్లు పెరుగుతుంది. మిల్లీగ్రామని పొరబడతారన్న భయంతోనే మందుల చీటీల్లో మైక్రోగ్రాముకు ఆ గుర్తు వాడవద్దని వైద్యరంగంలో సూచిస్తారు. ఇక్కడ మొదట ఆ 15 మిల్లీఆంపియర్లతో షీటు లెక్క వేస్తే సెల్ అయిదు రోజుల్లో అయిపోతుందని వచ్చింది. అది అసంభవమని అప్పటి ఇంజినీరు సరిగ్గానే పసిగట్టాడు. కానీ డేటాషీటును మళ్లీ తెరవకుండా, నిద్రపోయే చిప్పు కదా నానోలోనే ఉంటుందిలే అని యూనిట్‌ను నానోఆంపియర్లకు మార్చాడు. వెయ్యి రెట్లు ఎక్కువగా ఉన్నదాన్ని పది లక్షల రెట్లు తగ్గించాడు, ఫలితం నిజంకంటే వెయ్యి రెట్లు తక్కువై కూర్చుంది. మొదటి తప్పు అరిచి చెప్పింది, రెండోది నోరెత్తలేదు.

మూడో ఖర్చు షీటులో లేనే లేదు. బ్యాటరీ వోల్టేజిని కొలవడానికి వంద కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు సెల్ నుంచి గ్రౌండుకు వరసగా కలిపి ఉన్నాయి. రెసిస్టర్‌కు డేటాషీటులో స్టాండ్‌బై కరెంటు అనే గడి ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ రాసుకోలేదు. 3.6 వోల్టులను రెండు లక్షల ఓమ్‌లతో భాగిస్తే 18 మైక్రోఆంపియర్లు, రాత్రింబవళ్లు.

మైక్రోకంట్రోలర్ నిద్ర కరెంటు 1.6, రేడియోది 0.2 మైక్రోఆంపియర్లు అన్న రెండు వరసలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. అన్నీ కూడితే నిద్రలో 89.8 మైక్రోఆంపియర్లు రావాలి. షీటు చెప్పినది 1.8.

కొలత, రీడ్ స్విచ్

ఇప్పుడు కొలతకు ఒక లక్ష్యం ఏర్పడింది: 90కి దగ్గరగా వస్తే షీటు చదవడం సరైనదే, రాకపోతే ఇంకేదో ఉంది. ఒకే రేంజిలో 40 మిల్లీఆంపియర్లనూ, 1.6 మైక్రోఆంపియర్లనూ చూడడం మామూలు మీటరుతో కుదరదు. రెంటికీ మధ్య 25 వేల రెట్ల దూరం. అందుకని పనిని రెండుగా విడదీశాం. మేలుకున్న సమయానికి ఒక ఓమ్ రెసిస్టర్‌ను దారిలో పెట్టి, దాని మీది వోల్టేజిని ఆసిలోస్కోపుతో చూశాం. 40 మిల్లీఆంపియర్లకు 40 మిల్లీవోల్టులు, చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. నిద్ర సమయానికి మల్టీమీటరును మైక్రోఆంపియర్ రేంజిలోనే ఉంచి, దాని రెండు కొసలకు అడ్డంగా ఒక మామూలు స్విచ్ పెట్టాం. బోర్డు లేచి రేడియో వేసేటప్పుడు స్విచ్ మూసి ఉంటుంది, కరెంటు మీటరులోకి రాకుండా పక్కనుంచి పోతుంది. బోర్డు నిద్రలోకి జారాక స్విచ్ తెరిస్తే కరెంటంతా మీటరు గుండా వెళ్తుంది. 90 మైక్రోఆంపియర్లకు 100 ఓమ్‌ల మీద పడేది 9 మిల్లీవోల్టులే, బోర్డుకు అది తెలియను కూడా తెలియదు.

మీటరు 91.4 చూపించింది. సంతోషించాలి గానీ రేడియో సగటు 6 కూడా కలుపుకుని 219ని 97తో భాగిస్తే రెండేళ్ల మూడు నెలలు వస్తాయి. ఏడు నెలలకు పోయిన పరికరాలకు ఇది సమాధానం కాదు.

తాళం వేసిన ఫ్లాట్ల మాట ఇక్కడ పనికొచ్చింది. ఇంట్లో మనుషులు లేకపోతే నీళ్లు కదలవు, మీటరు చక్రం ఆగిన చోటే ఆగి ఉంటుంది. అయస్కాంతం రీడ్ స్విచ్ ఎదుట ఆగితే స్విచ్ నెలల తరబడి మూసే ఉంటుంది, దూరంగా ఆగితే తెరిచే ఉంటుంది. ల్యాబులో మీటరు బదులు పుష్ బటన్ పెట్టి పరీక్షించారు. బటన్ నొక్కనంతసేపూ తెరిచే ఉంటుంది కనుక కొలిచిన ప్రతిసారీ మంచి స్థితినే కొలిచారు. బటన్ తీసి రీడ్ స్విచ్ పెట్టి, ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే చిన్న నియోడిమియం అయస్కాంతం బిళ్లను దానికి దగ్గరగా జరపమని టెక్నీషియన్‌ను అడిగాను. వేలంత దూరంలో ఉన్నంతవరకు అంకె కదల్లేదు. ఇంకొంచెం జరిపేసరికి సన్నని టిక్కుమన్న చప్పుడుతో 91 కాస్తా 391 అయింది. "అదీ సంగతి, మేడం," అని అతను ఇంజినీరు వైపు చూశాడు. స్విచ్‌కు 3 వోల్టుల నుంచి పది కిలోఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు తీగను 3 వోల్టుల దగ్గర పట్టి ఉంచేది) ఉంది. స్విచ్ మూసుకోగానే 300 మైక్రోఆంపియర్లు నేరుగా గ్రౌండులోకి పోతాయి.

ఇప్పుడు ఫీల్డు లెక్క మొత్తం కుదిరింది. స్విచ్ మూసి ఆగిన ఇంట్లో సగటు సుమారు 397, ఆయుష్షు ఏడు నెలల లోపు. తెరిచి ఆగిన ఇంట్లో 97, రెండేళ్ల పైన. మనుషులుండి చక్రం తిరుగుతూ ఆగుతూ ఉండే ఇళ్లలో సగం సమయం మూసి ఉంటుందనుకుంటే 247, అంటే పదిన్నర నెలలు.

పరిష్కారం

రీడ్ స్విచ్‌తో మొదలుపెట్టాం. పుల్-అప్‌ను పది కిలోఓమ్‌ల నుంచి ఒక మెగాఓమ్‌కు మార్చడం అందరికీ వెంటనే తోచే పని. 300 కాస్తా 3 మైక్రోఆంపియర్లవుతుంది. అది ల్యాబులో చక్కగా నడిచింది, అపార్టుమెంటులో నడవలేదు. మీటరు నుంచి మాడ్యూలుకు వచ్చే తీగ సంపు మోటారు కేబుళ్ల పక్కనుంచి పోయే చోట, మోటారు ఆన్ అయినప్పుడల్లా లేని లీటర్లు లెక్కలో పడ్డాయి. బలహీనమైన పుల్-అప్ ఉన్న తీగ చుట్టూ ఉన్న విద్యుత్ రొదను ఇట్టే పట్టేస్తుంది. నీటి బిల్లు తప్పుపడడం బ్యాటరీ పోవడంకంటే పెద్ద తలనొప్పి, అందుకే దాన్ని వదిలేశాం.

పది కిలోఓమ్‌లనే ఉంచి, దాని పై కొసను 3 వోల్టుల నుంచి తప్పించి మైక్రోకంట్రోలర్ కాలుకు (పిన్‌కు) కలిపాం. సెకనుకు 16 సార్లు, ఒక్కోసారి 50 మైక్రోసెకన్లపాటు మాత్రమే దానికి వోల్టేజి ఇచ్చి, స్విచ్ స్థితి చూసి ఆపేస్తుంది. ఈ సైజు ఇంటి మీటరులో ప్రవాహం సెకనుకు లీటరుకు మించదు కాబట్టి పల్స్ ఏదీ తప్పిపోయే ప్రమాదం లేదు. స్విచ్ ఎప్పుడూ మూసే ఉన్నా పుల్-అప్ సగటు 0.24 మైక్రోఆంపియర్లు, అంటే 240 నానోఆంపియర్లు. అయితే అన్నిసార్లు లేవడానికి మైక్రోకంట్రోలర్ తీసుకునేది మరో 1.6, అసలు ఖర్చు నిద్ర లేవడమే, రెసిస్టర్ కాదు.

వోల్టేజి కొలిచే రెసిస్టర్లకు పది మెగాఓమ్‌లవి రెండు వేద్దామని బృందం కోరింది. 180 నానోఆంపియర్లతో సరిపోతుంది, అంకె అందంగా ఉంటుంది. నేను వద్దన్నాను. ఆ స్థాయిలో టంకం వేశాక బోర్డు మీద మిగిలే ఫ్లక్స్ (టంకం అతుక్కోవడానికి వాడే పదార్థం) మురికి, వానాకాలపు తేమతో కలిసి, రెసిస్టర్‌తో సమానమైన దారిని తానే తయారుచేయగలదు. అప్పుడు బ్యాటరీ వోల్టేజి రీడింగే అబద్ధం చెబుతుంది. నానోఆంపియరు అంటే ఏమీ లేనట్టే అని కొట్టిపారేసేవారికి నేను చెప్పేదొకటి ఉంది: ఒక్క నానోఆంపియరులో సెకనుకు సుమారు 624 కోట్ల ఎలక్ట్రాన్లు పోతాయి, అవి పోవడానికి ఇంత మురికి చాలు. ఒక మెగాఓమ్‌వి రెండు వేసి 1.8 మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకున్నాం. ఫ్లాష్‌కు పని అయిన వెంటనే డీప్ పవర్ డౌన్ (గాఢనిద్రలోకి వెళ్లమనే) కమాండు పంపితే 15 కాస్తా 1కి దిగింది. రెగ్యులేటర్‌ను 1.6 మైక్రోఆంపియర్లు తీసుకునే రకానికి మార్చాం.

కొత్త బోర్డు నిద్రలో 8 మైక్రోఆంపియర్లు, రేడియోతో కలిపి 14. సెల్ తనంతట తాను ఏడాదికి ఒక శాతం కోల్పోతుందనుకుంటే అది 24 ఎంఏహెచ్, మరో 2.7 మైక్రోఆంపియర్ల లోడుతో సమానం. మొత్తం 16.7కు పదమూడేళ్లు వస్తాయి. టెర్రస్ మీద ఎండలో ఉండే పెట్టెల్లో వేడికి సెల్ సొంత నష్టమూ, చిప్పుల లీకేజీ కూడా పెరుగుతాయి కాబట్టి కాగితం మీద ఎనిమిదేళ్లు అని మాత్రమే రాయమన్నాను. అమ్మకాలవాళ్లకు అది రుచించలేదు.

పాఠాలు

షీటును కొత్తగా రాయించాం. ఇప్పుడందులో యూనిట్ వరుసే లేదు. కరెంటు ఏదైనా మైక్రోఆంపియర్లలోనే రాయాలి. రేడియో 40000, దాని నిద్ర 0.2. యూనిట్ శీర్షికలో ఒక్కచోటే, తెలుగులో అయినా ఇంగ్లీషులో అయినా పూర్తి మాటగా ఉంటుంది, గుర్తుగా కాదు. గడిలో అంకె తప్ప ఇంకేది కనిపించినా స్క్రిప్టు ఆగిపోతుంది. కామాలను కూడా తీసేశాం, ఎందుకంటే మన పద్ధతిలో 19,20,000 అని రాసినదాన్ని ఇంకొకరు 1,920,000గా చదువుకునే చోట ఒక సున్నా రాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఎక్కువ పనికొచ్చింది మాత్రం నేను అదనంగా పెట్టించిన ఒక వరుస: ఈ ఒక్క ఖర్చే ఉంటే సెల్ ఎన్నేళ్లు వస్తుంది? 219ని ఆ అంకెతో భాగించడమే. రెగ్యులేటర్ 55 అంటే 4 ఏళ్లు. రెసిస్టర్ జంట 18 అంటే 12 ఏళ్లు. మూసిన రీడ్ స్విచ్ 300 అంటే తొమ్మిది నెలల లోపు. మైక్రోకంట్రోలర్ 1.6 అంటే 137 ఏళ్లు. పాత షీటులోని ఫ్లాష్ 0.015 అంటే 14,600 ఏళ్లు. ఆ గడిని చూసిన ఇంజినీరు నవ్వి వెంటనే డేటాషీటు తెరిచింది. 0.000015 మిల్లీఆంపియర్లు అన్నప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. రెగ్యులేటర్ సున్నా అయితే భాగహారమే కుదరదు, గడి ఎర్రబడుతుంది. పవర్ బడ్జెట్లో ఏ వరసకైనా నాలుగంకెల సంవత్సరాలు వస్తే దాన్ని సంతోషంగా కాక అనుమానంగా చూడడం ఇప్పుడు వారికి అలవాటైంది.

డేటాషీటు ఎదుట పెట్టుకుని నింపే పద్ధతిలో డేటాషీటు లేని రెసిస్టర్లు తప్పించుకున్నాయి కాబట్టి, సర్క్యూట్ బొమ్మ మీద సెల్ ప్లస్ నుంచి గ్రౌండు దాకా ఉన్న ప్రతి దారినీ వేలితో వెతికి ఓమ్ సూత్రంతో ఒక వరస రాయడం ఇప్పుడు సమీక్షలో భాగం. స్విచ్ ఉన్న ప్రతిచోటా రెండు వరసలు, తెరిచినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి.

అప్పటికే బిగించిన పాత మాడ్యూళ్ల సంగతి మిగిలింది. వాటి రెగ్యులేటర్‌ను ఫీల్డులో మార్చడం కుదరదు. ఫ్లాష్ సవరణ ఫర్మ్‌వేర్‌తో అయిపోతుంది. పుల్-అప్ రెసిస్టర్ ఒక కొసను లేపి, ఖాళీగా ఉన్న కాలుకు సన్నని తీగ అతికించే పనిని టెక్నీషియన్ తన బృందానికి నేర్పాడు. ఈ రెండు మార్పులతో పాత బోర్డు సగటు 84 మైక్రోఆంపియర్లకు దిగింది, అంటే కొత్త సెల్‌తో రెండున్నరేళ్లు. రెండేళ్లకు సెల్ మార్చేలా తేదీ రాసిన చీటీని ప్రతి మూత లోపల అంటిస్తున్నారు. తాళం వేసిన ఫ్లాట్లతోనే ఆ పని మొదలైంది.